నాందేడ్‌లో ఎవరి ఆకలి వేళ వాళ్లది

చీకటి ఇంకా పూర్తిగా విడిపోలేదు. స్టేషన్ బయటికొస్తే ముందు ముక్కుకు తగిలేది అల్లం దంచిన వాసన, ఆ వెనకే పొయ్యి పొగ. మాఘమాసం చివరి రోజులు. పగలు ఎండ చురుక్కుమంటున్నా, ఈ వేళ గోదావరి వైపు నుంచి వచ్చే గాలికి చెవులు కప్పుకోవాల్సిందే. ఆటోవాళ్లు "సచ్‌ఖండ్! లంగర్ సాహిబ్! సచ్‌ఖండ్!" అని అరుస్తున్నారు. నీలి పాగాలు, కాషాయ పాగాలు, నిద్రమొహాల పిల్లలు, శాలువలు చుట్టుకున్న పంజాబీ ముసలమ్మలు మీ పక్కనుంచి నడిచిపోతున్నారు. వాళ్లు అమృత్‌సర్‌లో ఎక్కి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు రైల్లో కూర్చుని వచ్చినవాళ్లు. మీరు సికింద్రాబాదులో ఎక్కి ఓ కునుకు తీసేలోపు వచ్చేశారు. రైలు కూడా పరాయిది కాదు. ఈ స్టేషన్ దక్షిణ మధ్య రైల్వేది, దాని పెద్దాఫీసు మీరు బయల్దేరిన సికింద్రాబాదులోనే ఉంది.

చాయ్ బండి దగ్గర ఆగండి. మీ మాట విని బండి పెద్దమనిషి తలెత్తాడు.

"నిజామాబాదా అన్నా?"

"హైదరాబాద్."

"ఒక్కటే తోవ గదా!" గ్లాసు ముందుకు తోశాడు. ఆయన అత్తగారి ఊరు ధర్మాబాద్ అవతల, బాసరకు దగ్గర. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గిరాకీతో దక్కనీ. పొద్దున ఏం తింటే బాగుంటుందని అడిగితే, ఎగాదిగా చూసి ఎదురు ప్రశ్న వేశాడు: "మొక్కుకు వచ్చిన్రా, మోంఢాకు వచ్చిన్రా?"

ఈ ఊళ్లో తిండి సంగతి తెలుసుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదు. మంచి హోటల్ ఏదని అడిగితే ఎవరి బావమరిది హోటల్ పేరు వాళ్లు చెబుతారు. ఈ గంటలో ఆకలి మీదున్నది ఎవరో చూసుకుని వాళ్ల వెంట నడిస్తే మాత్రం మీ విస్తరి ఖాళీగా ఉండదు. 2011 జనాభా లెక్కల్లో అయిదున్నర లక్షలు తేలిన ఊరిది. హమాలీలు, యాత్రికులు, రైతులు, కోచింగ్ పిల్లలు, లారీ డ్రైవర్లు ఎవరి వేళకు వాళ్లు తింటారు. ఒకరి హోటల్‌లో ఇంకొకరు పెద్దగా కనిపించరు.

మొక్కు సాయంత్రం చూద్దాం. ముందు మోంఢా.

నవా మోంఢా గేటు దగ్గర ఆటో దిగేసరికి తూర్పు తెల్లబడింది. గోడ పక్కన తోపుడుబండి మీద రెండు పెద్ద కడాయిలు. ఒకదాంట్లో అటుకులు, పైన శనగపిండి సేవ్, నిమ్మచెక్క. పోహా మహారాష్ట్రలో ఏ మూలైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. రెండో కడాయి చూడండి. మరమరాలను నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పల్లీల తిరగమోతలో పసుపు వేసి కలిపారు. పైన పుట్నాల పొడి, కొత్తిమీర. దీని పేరు సుశీలా. మరాఠ్వాడా బయట దీని పేరు చెబితే ఎవరో అమ్మాయి గురించి అడుగుతున్నారనుకుంటారు. కర్నూలు మనిషి ఎవరైనా మీ వెంట ఉంటే ఈపాటికి "ఇది మా ఉగ్గాని!" అని కేక పెట్టేవాడు. నిజంగా అదే. పక్కన మిరపకాయ బజ్జీ ఒక్కటే లోటు. జొన్నలు పండే ఎండు నేలల్లో పొద్దున్నే పొయ్యి దగ్గర అరగంట కూర్చునే తీరిక ఎవరికుంటుంది? మరమరాలు తడిస్తే చాలు, చిటికెలో కడుపు నిండే సరుకు తయారు. కాగితం ప్లేటులో పెట్టి ఇచ్చారు. వేడి మీదే తినండి, చల్లారితే ముద్దకట్టి రుచి చెడుతుంది.

మీ చుట్టూ తింటున్నవాళ్లంతా హమాలీలు. భుజం మీద మడత గుడ్డ, నడుముకు బస్తా కొక్కెం. మాటల్లేకుండా గబగబా తింటారు, చాయ్ తాగుతారు, లోపలికి వెళ్లిపోతారు. లారీ వస్తే దింపాలి, ఆలస్యమైతే ఆ కూలి ఇంకొకడికి పోతుంది. అందుకే ఈ బండివాడు గిన్నెలు పెద్దవి పెట్టి, గరిటె వేగంగా తిప్పుతాడు. బల్ల లేదు, కుర్చీ లేదు. ఇక్కడ కూర్చుని తినాలనుకునేవాడు ఈ వేళప్పుడు రానే రాడు.

లోపలికి నడవండి. మోంఢా అంటే ధాన్యం మార్కెట్టు. సోయా, కందులు, శనగలు, పత్తి అన్నీ ఈ ఊరి చుట్టూ పండేవే. ఈ కాలంలో మాత్రం చెప్పులకు అంటుకునేది పసుపు దుమ్ము. షెడ్డు కింద వరసగా కుప్పలు, కుప్పల పక్కన గోనెసంచులు, సంచుల మీద పడుకున్న రైతులు. కొత్త పంట ఇప్పుడిప్పుడే వస్తోంది. మార్చి, ఏప్రిల్‌లలో అసలు జాతర. ఒక కొమ్ము తీసుకుని విరవండి. బాగా ఎండినదైతే టప్పున విరుగుతుంది, లోపల ముదురు నారింజ రంగు కనబడుతుంది. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే, ధర కోసేస్తారు. పొలంలో తవ్వి, దుంపలు విడగొట్టి, ఆవిరి మీద ఉడికించి, రెండు వారాలు అటూ ఇటూగా ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాకే ఇంత దూరం వస్తుంది. తొమ్మిది నెలల పంట. కొమ్ములు ఒక కుప్ప, ఉండల్లా ఉండే తల్లి దుంపలు వేరే కుప్ప. వాటి ధరలూ వేరే.

వేలం మొదలైంది. అడత్యా, అంటే కమీషన్ ఏజెంటు, కేక వేస్తుంటే వ్యాపారుల గుంపు కుప్ప నుంచి కుప్పకు కదులుతుంది. ఒకడు గుప్పెడు తీసి వాసన చూస్తాడు, ఒకడు కుప్ప అడుగు నుంచి తీసి చూస్తాడు, ఒకడు ఏమీ చూడకుండా ఫోన్లో మాట్లాడుతూనే అంకె చెబుతాడు. కుప్ప యజమాని మాత్రం ఎవరి మొహమూ చూడడు. కళ్లు కుప్ప మీదే ఉంటాయి. క్వింటాలు లెక్కన పాట ముగిసేది నిమిషంలో. ఆ తర్వాత హమాలీ, తోలాయి (తూకం కూలి) అన్నీ కోసి చేతికొచ్చేది ఎంతో లెక్కవేసుకోవడానికి ఆయనకు పూట పడుతుంది.

పక్కనున్న ముసలాయన మిమ్మల్ని మరాఠీలో ఏదో అడిగి, మీ తడబాటు చూసి తెలుగులోకి దిగాడు. "నిజామాబాద్‌ల ఎంత నడుస్తుందో ఎర్కనా బిడ్డా?" ఆయనది బిలోలి దిక్కు. ఇక్కడ ధర నచ్చకపోతే అక్కడికి తోలతాడు, అక్కడ నచ్చకపోతే ఇక్కడికి. పక్క జిల్లా హింగోలిలోని వస్మత్ పసుపుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజామాబాద్‌లో 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఆయనకు రెండూ తెలుసు. "బోర్డు వచ్చింది, పేరు వచ్చింది. కుప్ప గదే, కాంటా గదే" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో కోపం లేదు గానీ, బోర్డు మీద భరోసా కూడా కనబడలేదు.

ఎండ ఎక్కేలోపు పాత ఊళ్లోకి వెళ్లాలి. ఇత్వారా వైపు సందులు ఇరుకు. సైకిల్, స్కూటర్, గంప, ఆవు అన్నీ ఒకే వెడల్పులో దూరాలని చూస్తాయి. కూరగాయల బజారు ఇక్కడ ఒక కప్పు కింద ఉండేది కాదు. రోడ్డు అంచున గోనెపట్టా పరిస్తే అదే దుకాణం. టమాటాలు, వంకాయలు, క్యాబేజీ ఎక్కడైనా చూస్తాం. మీరు ఆకుకూరల దగ్గర కూర్చోండి. నేనైతే ఏ ఊరి బజారుకు వెళ్లినా ఆకుకూరల గంపలే ముందు చూస్తాను. లారీల్లో దూరం నుంచి రాలేనివి అవే కదా; అవి చెప్పినంత నిజంగా ఆ చుట్టుపక్కల నేల గురించి ఇంకేదీ చెప్పదు.

ఇదిగో అంబాడి, మన పుంటికూర. ఆంధ్రలో గోంగూర పచ్చడిగా నూనెలో తేలుతుంది. ఇక్కడ జొన్న రవ్వో నూకలో వేసి, వెల్లుల్లి తిరగమోతతో చిక్కగా ఉడికించి భాకరీ మీద పెట్టుకుంటారు. శేపూ అంటే సోయకూర. ఘోళ్ అంటున్నది గంగవాయిలి కూర. పక్కన లేత కుసుమాకు. నూనె గింజల కోసం వేసిన చేనులో మొక్కలు పలచన చేసేటప్పుడు తీసేవి ఇలా బజారుకొస్తాయి. వేళ్లకు మట్టితో సహా పచ్చి శనగ మొక్కల మోపులు. ఒక మోపు కొని నడుస్తూ కాయలు ఒలుచుకుని తినడం ఈ నెలలో ఈ ఊరి బజారు మర్యాద. నడవకుండా తింటేనే అందరూ చూస్తారు.

గంపల వెనకున్న ఆవిడ ధర చెప్పింది. మీరు బేరం ఆడబోయారు. "అవ్వా, జర తగ్గియ్యి."

"నువ్వు నన్ను అవ్వా అన్నవ్ గాబట్టి ఒక కట్ట ఎక్కువ పెడ్త. పైసలు తగ్గియ్య." పక్కన మరాఠీ ఆడమనిషి "మావషీ, దోన్ జుడీ ద్యా" అంటే అదే క్షణంలో మరాఠీలో జవాబు, వెనక బురఖా వేసుకున్నావిడకు దక్కనీలో లెక్క. తప్పు చిల్లర ఎవరికీ ఇవ్వలేదు.

నాలుగడుగులు వేస్తే అరటిగెలలు. అర్ధాపూర్ ఇక్కడికి కూతవేటు దూరం. ఆ తాలూకా అంతా అరటితోటలే. కాలువ నీళ్లొచ్చాక ఈ నేల రంగు మారింది. తోటలో నరికిన గెలలు చాలావరకు ఊళ్లోకి రాకుండానే లారీలెక్కి పెద్ద నగరాలకు పోతాయి. బజారుకొచ్చేవి చిన్న చేతులు, కాస్త మచ్చపడ్డవి. తిని చూడండి, మచ్చపడ్డవే తీపి. ఆ పక్క సందులో మిరపకాయల ఘాటు మిమ్మల్ని తుమ్మిస్తుంది. ధర్మాబాద్ నుంచి వచ్చిన కొత్త మిర్చి. నిజామాబాద్ లైను మీద తెలంగాణ సరిహద్దుకు ఇవతల ఉన్న ఆ చిన్న ఊరికి మిర్చి మార్కెట్టుగా పెద్ద పేరు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఇల్లాళ్లు ఇప్పుడు సంచులతో దిగుతారు. తొడిమ పట్టుకుని ఊపి గింజల చప్పుడు వింటారు, గోటితో గీకి రంగు చూస్తారు. బేరం అయ్యాక కూడా అనుమానం తీరక రెండు కాయలు కొంగున ముడేసుకుని వెళ్తారు.

రైతు నేరుగా అమ్ముకునే బజారు అంటే మనకు రైతుబజారు గుర్తొస్తుంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. దానికి పన్నెండేళ్ల ముందే, 1987లో, పంజాబ్‌లో 'అప్నీ మండీ' పెట్టారు. మహారాష్ట్ర 2016లో కూరగాయలనూ పండ్లనూ మార్కెట్ కమిటీల అదుపు నుంచి తప్పించింది. ఇత్వారాలో పట్టా పరుచుకున్న ఈ అవ్వకు ఈ మూడింటితోనూ పనిలేదు. తెల్లారుజామున ఊరినుంచి కట్టలు తెస్తుంది. ఎండ నడినెత్తికొచ్చి ఆకు వాడేలోపు అమ్మేస్తుంది. మిగిలితే సగం ధరకు ఖానావళి వాళ్లు పట్టుకుపోతారు. ఆ ఆకు వెంట మీరూ వెళ్లండి, మధ్యాహ్నం అయింది.

ఖానావళి అంటే భోజనశాల. ఒకప్పుడు ఊళ్లోకి చదువుకు, ఉద్యోగానికి వచ్చిన ఒంటరి మగవాళ్లకు నెలవారీ లెక్కన అన్నం పెట్టిన చోట్లు. ఇప్పుడు మోంఢా రైతులకు, కోర్టు పని మీద వచ్చినవాళ్లకు, ఆసుపత్రిలో మనుషులున్నవాళ్లకు. గోడ మీద ధరల పట్టిక లేదు, కూర పేర్లు లేవు. కూర్చుంటే పళ్లెం వచ్చేస్తుంది. జొన్న భాకరీ పొయ్యి మీంచి నేరుగా, ఇంకా ఉబ్బి ఉండగానే. మధ్యలో పిట్లా: శనగపిండి ఉడకబెట్టిన ముద్దపప్పు లాంటిది. ఓ మూలన ఠేచా, పచ్చిమిర్చి వెల్లుల్లి కచ్చాపచ్చాగా నూరింది; దాని మీద పల్లీ నూనె పోసుకోమంటారు, పోసుకోండి, లేకపోతే కళ్లనీళ్లే. పొడి చట్నీల గిన్నెలు మూడు: పల్లీలది, అవిసెలది, వలిసెలది. ఆదిలాబాదు, నిజామాబాదు ఇళ్లలో ఇవే పొడులు, ఇదే ముతక దంపు. ఆఖర్న యేసర్ ఆమటి వచ్చింది. వేయించిన ధాన్యాలు, పప్పులు, మసాలాలు కలిపి విసిరిన యేసర్ పొడిని నీళ్లలో కలిపి కాచిన పలుచటి కారపు చారు. మరాఠ్వాడా పెళ్లిళ్లకు అది లేకపోతే భోజనం పెట్టినట్టు కాదంటారు. భాకరీని తుంచి పళ్లెంలో వేసి, దాని మీద ఆమటి పోసి, చేత్తో నలిపి తినాలి. చెంచా అడిగితే తెచ్చిస్తారు గానీ, వడ్డించే ఆవిడ మీ వైపు మళ్లీ అంత ప్రేమగా చూడదు.

ఎదురుగా ఇద్దరు వియ్యంకులు తింటున్నారు. ఒకాయనది దేగలూర్, ఇంకొకాయనది బిచ్కుంద. మాటలు సగం మరాఠీ, సగం తెలుగు, తిట్లు ఉర్దూ. ఇద్దరి ఊళ్లూ ఒకప్పుడు నాందేడ్ జిల్లా దేగలూర్ తాలూకానే. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు, ఆ విభజన చట్టం తాలూకాలను కూడా సర్కిళ్ల లెక్కన కోసింది. దేగలూర్‌లోంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటు తెలుగు రాష్ట్రంలో మిగిలాయి. ముధోల్, భైంసా, కుబీర్ కూడా. ఆదిలాబాద్‌లో ఉన్న కిన్వట్ తాలూకా, బోథ్‌లోని ఇస్లాపూర్ సర్కిల్ అటు పోయాయి. దేగలూర్ పెద్దాయనను కదిపితే కోసింది భూమినే గానీ సంబంధాలు ఆగలేదని చెబుతాడనుకున్నారా? ఆయనకున్న బాధ వేరు. "వాళ్ల దిక్కు ఎకరానికి పైసలు ఇస్తున్రు, మా దిక్కు ఇయ్యలే" అన్నాడు భాకరీ తుంచుతూ. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైన ఏడే ధర్మాబాద్ తాలూకాలో సరిహద్దు పల్లెలు మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగాయి. వియ్యంకుడు ఆ మాట వినపడనట్టు ఇంకో భాకరీ వేయించుకున్నాడు.

మూడింటికి ఖానావళి గిన్నెలు బోర్లించారు. ఇక నాలుగు దాటితే శివాజీనగర్, శ్రీనగర్ రోడ్లు కోచింగ్ పిల్లలవి. డాక్టర్ సీటు కోసం మరాఠ్వాడా పల్లెల నుంచి వచ్చి గదుల్లో ఉండే పిల్లలు, వీపు మీద సంచి, చేతిలో నోట్సు. వాళ్ల ఆకలి క్లాసుకీ క్లాసుకీ మధ్య పదిహేను నిమిషాలది. అందుకే ఆ రోడ్డంతా పానీపూరీ, వడాపావ్, మంచూరియా. కొత్త కేఫ్‌లు కూడా లేచాయి, గోడలకు ఇంగ్లీషు మాటలు రాసుకుని. అవి ఏ ఊళ్లోనైనా ఒక్కలాగే ఉంటాయి. నదివైపు నడుద్దాం.

తెల్లటి గోడలు, పైన బంగారు పూత గుమ్మటం. తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హుజూర్ అబ్‌చల్ నగర్ సాహిబ్. సిక్కుల అయిదు తఖ్తుల్లో ఒకటి. గురు గోవింద్ సింగ్ 1708 అక్టోబరులో ఇక్కడే తనువు చాలించాడు. తన తర్వాత గ్రంథమే గురువని చెప్పిందీ ఇక్కడే. ఇప్పుడున్న కట్టడాన్ని లాహోర్ మహారాజు రంజిత్ సింగ్ 1832, 1837 మధ్య కట్టించాడు. ఆ రోజుల్లో ఇది నిజాం నేల. తలకు గుడ్డ కట్టుకోండి. కాళ్లు నీళ్లలో తడిపి లోపలికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, నగీనా ఘాట్ వైపు, లంగర్ సాహిబ్ గురుద్వారాకు రండి. ఇప్పుడు యాత్రికుల ఆకలి వేళ.

ముందుగా వినపడేది పళ్లేల మోత. వందల స్టీలు పళ్లేలు ఒకేసారి తొట్టెల్లో పడుతుంటే, కడుగుతున్నవాళ్లు ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకుంటున్నారు. ఓ పక్క ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. అందులో పట్టుచీర కట్టుకున్న మరాఠీ ఇల్లాలు, సల్వార్ వేసుకున్న లూథియానా అమ్మాయి, చెవులకు వెండి గంటీలు వేలాడుతున్న లంబాడీ ముసలవ్వ. ఎవరూ పిలవలేదు, వచ్చి కూర్చున్నారంతే. పంగత్‌లో నేల మీద వరసగా కూర్చోండి. పళ్లెం మీ ముందు పడింది. బాల్చీతో పరుగున వచ్చిన కుర్రాడు పప్పు పోశాడు: నల్ల మినుములు, శనగపప్పు, చిక్కగా. రొట్టె కోసం ఒక చెయ్యి చాచారు. అతను ఆగి, రెండు చేతులూ పట్టమని కళ్లతో చెప్పాడు. ఇక్కడ రొట్టె ప్రసాదం. రెండు అరచేతులూ కలిపి పట్టుకుంటే పైనుంచి వదుల్తాడు. వెచ్చగా, కొంచెం పిండి అంటుకుని. తర్వాత ఖీర్. వాహెగురూ అంటూ వరస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తాడు. చాలు అని మీరు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగడు.

ఈ లంగరు, అంటే ఈ ఉచిత అన్నశాల, వెనక ఒక కథ ఉంది, సేవలో ఉన్న ఏ పెద్దాయన్ను అడిగినా చెబుతాడు. బాబా నిధాన్ సింగ్ అనే పంజాబీ సిపాయి కొలువు వదిలి ఇక్కడికి సేవకు వచ్చాడు. మనసు విరిగి తిరిగి పోదామని స్టేషన్‌కు వెళ్లి రైలు కోసం కూర్చుంటే, గురువు కనబడి, జేబు నాది చేయి నీది, అన్నం పెట్టు పొమ్మన్నాడట. మిగతా చరిత్రల్లో గురువులు కొండ మీదో అడవిలోనో కనబడతారు. నాందేడ్‌లో ప్లాట్‌ఫారం మీద. ఈ ఊరి తిండికంతా మొదలు రైలే అన్న నా అనుమానానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు.

మీ పక్కన తింటున్న నలుగురు సిక్కులు కారు. మోంఢా నుంచి వచ్చిన రైతులు, ఆఖరి బస్సు దాకా కాలక్షేపం. ఎవరూ ఎవరినీ అడగలేదు.

చీకటి పడ్డాక గురుద్వారా రోడ్డు వెలుగుల్లో మెరిసిపోతోంది. కృపాణాలు, కడియాలు, పాగా బట్టలు, గాజు బీరువాల్లో పిన్నీ మిఠాయిలు. 2008లో గురుతా గద్దీ, అంటే గ్రంథం గురువైన మూడు వందల ఏళ్ల ఉత్సవాలకు ఈ రోడ్లు వెడల్పు చేశారు, యాత్రీ నివాసాలు కట్టారు. వాటి వెంటే ఛోలే భటూరే బోర్డులు, అమృత్‌సరీ కుల్చా బోర్డులు వచ్చాయి. వాటిలో కొన్ని తినదగ్గవే. పెద్ద గ్లాసులో లస్సీ ఇచ్చిన సర్దార్జీ మీ తెలుగు విని తెలుగులోనే చిల్లర లెక్కపెట్టాడు. "మాది ఈడిదే అన్నా, తాతల ముత్తాతల నుంచి. చెల్లెని నిజామాబాద్‌కు ఇచ్చినం." నిజాం కొలువు కోసం రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజు మనుషులు ఈ దక్కను నేల మీదే స్థిరపడ్డారు, హైదరాబాద్ బరంబాలాలో ఉన్నదీ వాళ్ల సంతతే. ఇంటి దగ్గర ఏం తింటారని అడిగారు. "ఖట్టీ దాల్, అన్నం. రొట్టె ఎప్పుడన్న." పంజాబ్ నుంచి వచ్చిన యాత్రికులు ఈయన లస్సీ తాగి మా ఊరి రుచి కాదంటారట. "మీ ఊరిది ఎట్లుంటది? ఇది మా ఊరి లస్సీ" అంటాడట ఈయన.

ఇక మిగిలింది దేగలూర్ నాకా. ఇషా నమాజు అయ్యాక అక్కడి రోడ్డు నిద్రలేస్తుంది. పెనాల మీద గరిటెల టకటక, సీకుల మీద కొవ్వు కరిగి బొగ్గుల్లో పడుతుంటే లేచే పొగ, బిర్యానీ దేగ్‌ల మూతలు తీసినప్పుడల్లా కదిలే జనం. బిర్యానీ జోలికి పోకండి. హైదరాబాద్ నుంచి వచ్చి దాన్ని ఇక్కడ తిని పేరు పెట్టడం మర్యాద కాదు. తహరీ అడగండి. మాంసం, టమాటా, పసుపు, పచ్చిమిర్చి అన్నీ బియ్యంతో కలిసి ఉడికిన పచ్చటి అన్నం. దమ్ము పెట్టే హంగామా లేదు, పొరలు లేవు. పక్కన చింతపండు ఖట్టా. పొద్దున మోంఢాలో మీ చెప్పులకు అంటిన పసుపు ఈ దేగ్‌లోకి ఎన్ని చేతులు మారి వచ్చిందో!

ఈ గంటలో తినేది లారీ వాళ్లు. అకోలా నుంచి హింగోలి, నాందేడ్, దేగలూర్ మీదుగా సంగారెడ్డి దాకా పోయే 161 నంబరు జాతీయ రహదారికి దారి తీసేది ఈ నాకానే. మీ బల్ల మీద ఎదురుగా కూర్చున్న డ్రైవరు లుంగీ పైకి కట్టి, తహరీ మీద ఖట్టా ఒలకబోసుకుని తింటున్నాడు. లారీ నిండా అర్ధాపూర్ అరటిగెలలు. తెల్లారేసరికి హైదరాబాద్ చేరాలి. ఎండ తగిలితే కాయ నల్లబడుతుంది, సేటు పైసలు కోస్తాడు.

"మీరెట్ల పోతున్రు?" అన్నాడు చెయ్యి నాకుతూ.

రైలుకు ఇంకా టైముంది అని చెప్పారు.

"క్లీనర్ రాలే, ముందల సీటు ఖాళీ ఉంది. రండి." ఇంకో ప్లేటు తహరీ పొట్లం కట్టమని లోపలికి కేకేశాడు. "కానీ ఒక మాట ముందే చెప్తున్న. నాకు మళ్ల ఆకలయ్యేది జోగిపేట దాటినంక. మధ్యల యాడ ఆపమన్నా ఆప."